16 ఏళ్ల పిల్లగాడి మీద కేసు పడితే: చట్టంలో ఏముంది, మన దగ్గర ఏం జరుగుతుంది

అడిగింది: "మాది వరంగల్ దగ్గర ఒక ఊరు. మా అక్క కొడుకు ఇంటర్ ఫస్టియర్, ఈమధ్యే 16 నిండింది. బావ చనిపోయిండు. మెకానిక్ షెడ్డులో పరిచయమైన ఇద్దరు పెద్దోళ్లతో కలిసి బైకులు ఎత్తుకెళ్లాడని పట్టుకున్నారు. ఒక రాత్రంతా స్టేషన్‌లోనే ఉంచారు. 16 దాటితే పెద్దవాళ్లతో పాటే జైలు అంటున్నారు, నిజమేనా? వాడి చదువు, రేపటి ఉద్యోగం ఏమవుతుంది? ఈ చట్టం ఇంకా కఠినం చేస్తారని టీవీల్లో అంటున్నారు, అదేంటి?"

తమ్ముడూ, ముందు మీ టెన్షన్ కొంత తగ్గే మాట చెప్తాను. మీవాడికి జైలు లేదు. నేను ఉత్తర తెలంగాణలో ఒక జువెనైల్ జస్టిస్ బోర్డులో (18 లోపు పిల్లల మీద పడ్డ కేసులు చూసే బోర్డు) సోషల్ వర్కర్ మెంబర్‌గా పనిచేశాను, ఇప్పుడు హనుమకొండలో ఉంటూ ఇలాంటి పిల్లల ఇళ్లవాళ్లతోనే పని చేస్తున్నాను. లాయర్ని కాను. కాబట్టి కోర్టులో వాదించే సంగతి లాయర్‌తో మాట్లాడుకోండి. బోర్డు లోపల ఏం చూస్తారు, దేని మీద ఆధారపడి నిర్ణయం తీసుకుంటారు అనేది మాత్రం నేను చెప్పగలను.

"16 దాటితే జైలే" అనే మాట 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చినప్పటి నుంచి ఊరూరా తిరుగుతోంది. అందులో సగమే నిజం. ఆ చట్టం నేరాలను మూడు రకాలు చేసింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ల వరకు ఉంటే చిన్న నేరం, మూడు నుంచి ఏడేళ్ల వరకు ఉంటే తీవ్రమైన నేరం, కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఘోర నేరం. 16 నుంచి 18 మధ్య వయసు పిల్లలను పెద్దవాళ్లలా విచారించాలా అనే ప్రశ్న ఈ మూడో రకంలోనే వస్తుంది. అక్కడ కూడా నేరుగా పంపరు. బోర్డు మూడు నెలల్లోపు ప్రాథమిక అంచనా వేయాలి. ఆ పిల్లగాడికి ఆ పని చేసే శారీరక, మానసిక సామర్థ్యం ఉందా, పర్యవసానం తెలిసే చేశాడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అని చూడాలి. ఒకవేళ పెద్దవాళ్లలా విచారించే చిల్డ్రన్స్ కోర్టుకు పంపినా ఉరిశిక్ష గానీ, ఎప్పటికీ విడుదల కాని యావజ్జీవం గానీ వేయడానికి లేదు.

బైకు దొంగతనం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 303 కింద వస్తుంది, గరిష్ఠంగా మూడేళ్లు. అంటే చట్టం లెక్కలో అది చిన్న నేరం. ముఠాగా చేశారని పోలీసులు 112 సెక్షన్ కూడా పెడితే అది ఏడాది నుంచి ఏడేళ్లు, అప్పుడు తీవ్రమైన నేరం అవుతుంది. ఎఫ్‌ఐఆర్ కాపీలో సెక్షన్లు చూసుకోండి. ఏది పెట్టినా ఘోర నేరం కిందికి రాదు. ఆ ఇద్దరు పెద్దవాళ్ల కేసు మామూలు కోర్టులో నడుస్తుంది, మీవాడిది బోర్డులోనే నడుస్తుంది. పెద్దవాళ్లతో కలిపి ఒకే విచారణ చేయకూడదని జువెనైల్ జస్టిస్ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఇక మీద సంహిత అని చెప్పకపోతే సెక్షన్లన్నీ ఈ చట్టానివే. మామూలుగా ఇలాంటి చిన్న కేసులో పిల్లల మీద ఎఫ్‌ఐఆరే ఉండకూడదు, జనరల్ డైరీలో రాసుకుని బోర్డుకు రిపోర్టు ఇస్తే చాలు. పెద్దవాళ్లు కలిసి ఉన్నారు కాబట్టే మీ కేసులో ఎఫ్‌ఐఆర్ అయింది.

రాత్రి స్టేషన్‌లో ఉంచిన సంగతి. 10వ సెక్షన్ ప్రకారం పిల్లలను లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. పట్టుకున్న వెంటనే బాలల పోలీసు అధికారికి అప్పగించాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు బోర్డు ముందు హాజరుపరచాలి, ఇంటివాళ్లకు చెప్పాలి. బేడీలు వేయకూడదు, పోలీసులు యూనిఫాంలో ఉండి తీసుకురాకూడదు. మీరు స్టేషన్‌కు వెళ్లి గొడవపడొద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి తీసుకెళ్లారు, ఎవరు చూశారు, మీకు ఫోన్ ఎప్పుడు వచ్చింది అనేది తెల్ల కాగితం మీద రాసి, బోర్డుకు వెళ్లిన మొదటి రోజే ఇవ్వండి. కొట్టారా అని బోర్డు తనే పిల్లగాడిని అడగాలి. కానీ పోలీసులు పక్కనే నిలబడి ఉంటే పదహారేళ్లవాడు నోరు తెరవడు. వాళ్లను బయట ఉంచి మాట్లాడమని అడగండి, అది మీ హక్కే. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండి, ఆ రికార్డు నెలల తరబడి దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట కాగితంలో ఒక్క వాక్యం రాసినా తేడా కనిపిస్తుంది.

బెయిల్ గురించి భయపడకండి. పిల్లలకు బెయిల్ 12వ సెక్షన్ కింద వస్తుంది, పెద్దవాళ్ల బెయిల్ రూల్స్ దీనికి వర్తించవు. నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా ఇవ్వడమే నియమం, షూరిటీ లేకుండా కూడా ఇవ్వొచ్చు. ఇవ్వకూడదంటే మూడే కారణాలు: తెలిసిన నేరస్థులతో మళ్లీ కలుస్తాడని, పిల్లగాడికే ప్రమాదం ఉందని, న్యాయానికే భంగం కలుగుతుందని. ఏదైనా బోర్డు రాతపూర్వకంగా చెప్పాలి. మీ కేసులో మొదటి కారణమే పైకి వస్తుంది, ఎందుకంటే ఆ షెడ్డు ఇంటికి దగ్గర్లోనే ఉంటుంది. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. కొన్నాళ్లు వాడిని మీ ఇంట్లో ఉంచుకుంటానని, కాలేజీకి మీరే పంపిస్తానని మేనమామగా మీరు రాసిస్తే బోర్డుకు అంతకన్నా కావల్సింది లేదు. కోర్టు బయట "షూరిటీకి ఇంత, లోపల మాట్లాడటానికి ఇంత" అని ఎవరైనా మీ అక్కను పట్టుకుంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. పిల్లలకు లాయర్ ఉచితం. కోర్టు ప్రాంగణంలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఇక అసలు విషయం. అందరూ లాయర్ గురించి అడుగుతారు, ప్రొబేషన్ ఆఫీసర్ గురించి ఎవరూ అడగరు. పిల్లగాడిని పట్టుకున్న రెండు వారాల్లో ప్రొబేషన్ ఆఫీసర్ మీ ఇంటికి వచ్చి సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు రాయాలి. బోర్డులో అందరూ ఎస్‌ఐఆర్ అంటాం. మందలించి పంపాలా, కౌన్సెలింగా, కొన్నాళ్లు సమాజ సేవ చేయించాలా, మంచి నడవడిక మీద ఇంటికి పంపాలా, స్పెషల్ హోంకు పంపాలా అనే నిర్ణయం చాలావరకు ఆ నాలుగు పేజీల మీదే ఆధారపడుతుంది. నేను బోర్డులో ఉన్నప్పుడు చదివిన రిపోర్టుల్లో సగం ఒకరినొకరు చూసి రాసినట్టే ఉండేవి. "తండ్రి మద్యానికి బానిస. చెడు స్నేహాల ప్రభావం. కుటుంబ ఆర్థిక స్థితి బాగోలేదు." పేరు మార్చితే ఎవరికైనా సరిపోతుంది. వాళ్లను తిట్టి లాభం లేదు, ఒక్కరికే రెండు మూడు జిల్లాల పని అప్పగిస్తే ఊరికి వెళ్లకుండా ఫోన్లోనే రాస్తారు. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరు జిల్లాలు. ఏటూరునాగారం అవతలి ఊరి తల్లి వరంగల్ దాకా రావాలంటే సుమారు నూరు కిలోమీటర్లు, ఒక రోజు కూలి పోతుంది, బస్సు కిరాయి పడుతుంది. రెండు వాయిదాలకు వచ్చి మూడోదానికి రాదు. రానందుకు ఫైల్లో "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అని రాస్తారు. జిల్లాకు ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ బోర్డులు ఉండాలని చట్టంలో 4వ సెక్షన్ చెప్పేది ఇందుకే.

మీరు చేయాల్సింది ఏంటంటే, ఆఫీసర్ వచ్చేదాకా కూర్చోకండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి ఎప్పుడు వస్తారో అడగండి. వచ్చినప్పుడు ఇంట్లో అక్క ఒక్కతే ఉండకుండా మీరూ ఉండండి. బావ పోయాక ఇల్లు ఎట్లా గడుస్తుంది, వాడు కాలేజీ అయ్యాక షెడ్డుకు ఎందుకు పోయిండు, రోజుకు ఎంత ఇచ్చేవాళ్లు, ఆ ఇద్దరు ఎప్పటి నుంచి తెలుసు, ఫోన్ ఎవరు కొనిచ్చారు, ఇవన్నీ చెప్పండి. టెన్త్ మార్కుల మెమో, కాలేజీ బోనఫైడ్, లెక్చరర్ ఇచ్చే ఉత్తరం ఉంటే కాపీలు ఇవ్వండి. దాచిపెట్టొద్దు. వాడు గంజాయి తాగుతున్నాడని అనుమానం ఉంటే అది కూడా చెప్పండి, అక్కడ చెప్తే చికిత్సకు దారి దొరుకుతుంది. మెమోలో పుట్టినతేదీ జాగ్రత్తగా చూడండి. మన పల్లెల్లో చాలామంది పిల్లలకు ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది. 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి లేదా టెన్త్ సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువీకరణ, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్‌కు ఆ వరసలో చోటే లేదు.

ఆ ఇద్దరు పెద్దవాళ్ల గురించి మీరు రెండు ముక్కల్లో దాటేశారు. నాకు అదే ముఖ్యం అనిపించింది. పిల్లగాడిని కూలికి పెట్టుకుని నేరం చేయించడం భారతీయ న్యాయ సంహితలో 95వ సెక్షన్ కింద వేరే నేరం, కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా పదేళ్లు. తాళం విరగ్గొట్టమని చెప్పి, బండి అమ్ముకుని, వాడికి ఐదు వందలు ఇచ్చి ఉంటే అది ఈ సెక్షనే. పోలీసులు తమంతట తాము ఇది పెట్టడం అరుదు, ముగ్గురినీ ఒకే ముఠా అని చూపిస్తేనే పని తేలిక. బోర్డుకు, ఎస్‌ఐకి ఇద్దరికీ రాతపూర్వకంగా ఇవ్వండి. అంతేకాదు, కేసులో ఉన్న పిల్లగాడే రక్షణ అవసరమైన పిల్లగాడు కూడా కావచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. బోర్డు అలాంటి వాడి విషయాన్ని బాలల సంక్షేమ సమితికి పంపొచ్చు. ఇది అడగాలని తెలిసిన లాయర్లు తక్కువ.

కేసు ఎన్నాళ్లు? మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలలు, ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు. చిన్న నేరమైతే అప్పటికీ తేలకపోతే అక్కడితో ముగిసినట్టే. తేదీ రాసి పెట్టుకోండి, ఆరు నెలలు దాటగానే మీ లాయర్‌తో మెమో వేయించండి. కొన్నిచోట్ల ఏళ్ల తరబడి నడుస్తాయి. ఏడాది దాటిన ఇలాంటి కేసులన్నీ వెంటనే ముగించమని 2021లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

ఉద్యోగం సంగతి. 24వ సెక్షన్ ప్రకారం ఈ కేసు వల్ల వాడికి ఏ అనర్హతా రాదు. అప్పీలు గడువు అయ్యాక రికార్డు నాశనం చేయాలి. ముగిసిన కేసు వివరాలను పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం ఇవ్వకూడదని 74వ సెక్షన్‌లో ఉంది. కేంద్ర బలగాల ఉద్యోగానికి ఎంపికైన ఒకరి విషయంలో 2019లో సుప్రీంకోర్టు ఇదే మాట నిలబెట్టింది. రేపు కానిస్టేబుల్ దరఖాస్తులో కేసుల కాలమ్ వచ్చినప్పుడు ఎలా నింపాలో ఆ రోజు లాయర్‌ను అడిగి నింపండి, ఊహించి రాయకండి. ఒకటి మాత్రం ఇప్పుడే చేయండి. ఊరి వాట్సాప్ గ్రూపులో వాడి ఫోటో, పేరు వచ్చి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ. విలేకరికైనా, వార్డు మెంబరుకైనా ఇదే. చాలామంది తెలియక పెడతారు, చెప్తే తీసేస్తారు.

చివరి ప్రశ్న, చట్టం మారుస్తారా అని. కొంచెం వెనక్కి వెళ్లాలి. 1986 చట్టంలో మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 ఏళ్ల హద్దు ఉండేది. 2000లో అందరికీ 18 చేశారు. 2012 డిసెంబరు ఢిల్లీ నిర్భయ ఘటనలో నిందితుల్లో ఒకడు మైనర్ కావడంతో దేశమంతా వయసు తగ్గించమని అడిగింది. ఆ ఘటన తర్వాత కేంద్రం వేసిన జస్టిస్ వర్మ కమిటీ తగ్గించొద్దంది. 2013లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. పార్లమెంటరీ కమిటీ కూడా 16–18 విభజన వద్దనే చెప్పింది. అయినా ఆ విభజన ఉన్న చట్టాన్నే 2015 డిసెంబరు 22న రాజ్యసభ ఆమోదించింది, 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక్క ఘోరమైన కేసు చూసి రాసిన సెక్షన్ అది. మా బోర్డు ముందుకు వచ్చే పోరగాళ్లలో ఎక్కువమంది బైకులు, సెల్‌ఫోన్లు, కొట్లాటలు, ఇంటి నుంచి పారిపోయి కాజీపేట జంక్షన్‌లో దిగినవాళ్లు. వాళ్ల కోసం మారాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి టీవీలో చర్చ పెట్టరు. ఇంకా తగ్గించి 14 చేయమనే వాళ్లతో నేను ఏకీభవించను. ఎందుకో రెండు ఉదాహరణలు.

గంజాయి కేసులు చూడండి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం, మహబూబాబాద్ మీదుగా హైదరాబాద్ పోయే సరుకు మన మీదుగానే పోతుంది. బ్యాగు మోయడానికి 17 ఏళ్ల పిల్లగాడిని పెడతారు, ఎందుకంటే వాడిని ఎవరూ అనుమానించరు. 20 కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లు, అంటే వాడిది ఘోర నేరం. బ్యాగు ఇచ్చినవాడు ఎక్కడున్నాడో తెలియదు. పిల్లలతో మత్తు సరుకు మోయించినవాడికి ఏడేళ్ల వరకు శిక్ష వేసే 78వ సెక్షన్ జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉంది. కానీ 2021లో చేసిన సవరణ, మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉన్న ఇలాంటి నేరాలను పోలీసులు తమంతట తాము కేసు పెట్టలేని కోవలోకి మార్చింది. మేజిస్ట్రేటు అనుమతి కావాలి. అది 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. పిల్లలకు మత్తు అమ్మేవాడిది కూడా అదే కోవ. మోసినవాడి మీద వెంటనే కేసు, మోయించినవాడి మీద ఈ సెక్షన్ పెట్టాలంటే అనుమతి తీసుకున్నాక! చట్టం కఠినం చేయాలంటే ముందు ఇక్కడ చేయాలి. ఈ సవరణను ఢిల్లీ బాలల హక్కుల కమిషన్ సుప్రీంకోర్టులో సవాలు చేసింది కూడా.

రెండోది ప్రేమ వ్యవహారాలు. 17 ఏళ్లవాడు, 16 నిండిన అమ్మాయి కలిసి హైదరాబాద్ బస్సెక్కుతారు. అమ్మాయి ఇంటివాళ్లు ఫిర్యాదు ఇస్తారు. ఇద్దరి మధ్య శారీరక సంబంధం ఉందంటే, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోలో 2019 సవరణ తర్వాత కనీస శిక్ష పదేళ్లు, అమ్మాయికి 16 లోపు ఉంటే ఇరవై ఏళ్లు. కాబట్టి అది కూడా ఘోర నేరమే, ప్రాథమిక అంచనాకు రావాల్సిందే. నిజంగా దాడి చేసినవాడు, ఈ పిల్లగాడు ఒకే వరసలో నిలబడతారు. కులాలు వేరైతే ఫిర్యాదు ఎంత వేగంగా వస్తుందో చెప్పక్కర్లేదు. 2023లో లా కమిషన్ తన 283వ నివేదికలో సమ్మతి వయసు తగ్గించొద్దంది, కానీ 16–18 మధ్య వాళ్ల విషయంలో జడ్జికి శిక్ష తగ్గించే విచక్షణ ఇవ్వమంది. నా మట్టుకు అది కూడా సరిపోదు, శిక్ష దశ దాకా పోకుండా కేసు బోర్డు దగ్గరే ఆగిపోయే వీలు ఉండాలి. కానీ అమ్మాయిల తరఫున పనిచేసే నా స్నేహితులు దీన్ని ఒప్పుకోరు, వాళ్ల భయానికీ కారణం ఉంది. మూడు రోజుల పరిచయంతో మోసపోయిన అమ్మాయిలను వాళ్లు రోజూ చూస్తున్నారు.

మిగతాదంతా డబ్బు, మనుషుల సంగతి. బోర్డుల్లో, సంక్షేమ సమితుల్లో ఖాళీలు నింపమని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, హైకోర్టులు తామే పర్యవేక్షించాలంది. హోం నుంచి బయటికి వచ్చిన పిల్లలను 21 ఏళ్ల దాకా ఆదుకోవచ్చని చట్టంలో ఉంది. ఆ వయసువాడికి చదువు, పని, ఉండటానికి గది కలిపి ఇప్పించే మనిషి జిల్లాలో ఒకరైనా ఉంటే మళ్లీ అదే షెడ్డుకు పోడు. కొత్త చట్టం రాయకుండానే ఇది చేయొచ్చు.

మీ అక్కకు ఒక దారి ఉంది. మిషన్ వాత్సల్య కింద భర్త లేని తల్లి పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, పల్లెలో కుటుంబ ఆదాయం ఏటా 72,000 దాటకూడదు. బావ మరణ ధ్రువీకరణ, ఆదాయ సర్టిఫికెట్, పిల్లగాడి చదువు కాగితాలు, తల్లితో కలిపి బ్యాంకు ఖాతా పుస్తకం తీసుకుని జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోనే దరఖాస్తు చేయండి. ఎస్‌ఐఆర్ కోసం ఎలాగూ అక్కడికే వెళ్తారు. ఒక్క కాగితం లేదని తిప్పి పంపితే ఏది లేదో రాసివ్వమని అడగండి. ఇంకో మాట, కాలేజీలో అటెండెన్స్ ఎంత ఉందో ఈ వారమే కనుక్కోండి. పరీక్ష ఫీజు కట్టే గడువు వాయిదాల హడావుడిలో దాటిపోనివ్వకండి. వాయిదా పరీక్ష రోజు పడితే తేదీ మార్చమని హాల్‌టికెట్ జత చేసి అర్జీ ఇవ్వండి, బోర్డులు దానికి కాదనవు.